ఆడవాళ్ళకు నచ్చే ఆట

ఆడవాళ్ళకు ఏ ఆట నచ్చుతుందో తెలుసుకోవడానికి మా ఆయన ఆర్మూర్‌లో అడగని మనిషి లేడు. గాజుల దుకాణం అతన్ని అడిగాడు. దవాఖానలో కంపౌండర్‌ను అడిగాడు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీలను అడిగాడు. బస్టాండులో చెరుకురసం అమ్మే బ్రహ్మచారిని కూడా అడిగాడు. ఇంట్లో ఒక ఆడది ఉంది, మూడు పూటలా అన్నం పెడుతుంది, దానికి నోరు కూడా ఉంది అనే సంగతి మాత్రం ఆయనకు తట్టలేదు.

ఆయన పేరు నేను చెప్పను. మా వైపు పెండ్లాం మొగుని పేరు పలకదు. మా దుకాణం బోర్డు మీద పెయింటర్ 'భూమేశ్వర్ వీడియో గేమ్స్' అని రాశాడు, అది చూసి మీరే తెలుసుకోండి.

పెండ్లయిన కొత్తలోనే ఆయన దుబాయి పోయాడు. రెండేళ్ళకోసారి వచ్చేవాడు. సూట్‌కేసు నిండా సబ్బులు, సెంట్లు తెచ్చేవాడు. ఆ సబ్బు అరగకముందే మళ్ళీ విమానం ఎక్కేవాడు. మా వాడలో సగం ఇండ్ల సంగతి ఇదే కాబట్టి నన్ను చూసి అయ్యో పాపం అన్నవాళ్ళు లేరు. తొంభై మూడులో మాత్రం సబ్బులకు బదులు రెండు రంగుల టీవీలు, రెండు వీడియో గేమ్ డబ్బాలు, సంచెడు క్యాసెట్లు తెచ్చి, "ఇగ పోనే రాధా, గీడనే దుకాణం పెట్టుకుంట" అన్నాడు.

ఆయన ఇంట్లో ఉంటే నాకు సంతోషం. దీన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు రాదు. పొద్దున్నే నల్లా దగ్గర నిలబడి వాడంతా వినబడేలా గొంతు పుక్కిలిస్తాడు. వేరే వాళ్ళకు అది రోత. నాకు మాత్రం ఆ చప్పుడు వినబడితేనే తెల్లారినట్టు.

మా ఇంటి ముందరి గది రోడ్డు మీదికి ఉంటుంది. అందులో టీవీలు పెట్టాడు, బెంచీలు వేశాడు, టీవీలు వేడెక్కుతాయని పైన పెద్ద ఫ్యాను బిగించాడు. వెనక గదిలో కూర్చుని బీడీలు చుట్టే పెండ్లానికి విసనకర్ర, టీవీలకు ఫ్యాను! సరే, మనిషి ఇంట్లో ఉన్నాడు కదా అని నేను నోరు మూసుకున్నాను.

గిరాకీ బాగానే వచ్చింది. అందరూ మొగపిల్లలే. కార్ల ఆటలు, తుపాకీ ఆటలు ఎన్ని ఉన్నా అందరికీ కావలసింది కరాటే ఆట. అందులో ఎర్ర చెడ్డీ వేసుకున్న బక్క పోరడు ఒకడు, వాడికి ఎదురుగా గుబురు మీసాల పహిల్వాన్ ఒకడు. ఇద్దరూ గుద్దుకుంటారు, తన్నుకుంటారు. పైన ఇద్దరికీ చెరొక పచ్చ గీత ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడల్లా గీత తరుగుతుంది. ఎవడి గీత ముందు అయిపోతే వాడు వెల్లకిలా పడిపోతాడు. తలుపు సందులోంచి నేను రోజూ చూసేదాన్ని. ఒక్కసారి నా చేతికి ఆ బొత్తాల రిమోట్ ఇవ్వమని అడిగితే మా ఆయన నవ్వి, "నీకెందుకే గిది? కరెంటు షాక్ గొడ్తది" అన్నాడు. పదేళ్ళ పిల్లలకు కొట్టని షాక్ నాకే ఎందుకు కొడుతుందో ఆయనకే తెలియాలి.

అంతా బాగుంది అనుకుంటుండగా పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయి. మా వాడ కమిటీకి పెద్ద ముత్తెన్న. వాడలో బోరు ఎక్కడ వేయాలో, ఎవరి గోడ ఎవరి జాగాలోకి జరిగిందో చెప్పేది కమిటీయే. దాని మాట దాటితే ఆ ఇంటికి పాలు కూడా పోయరు. అటువంటి ముత్తెన్న తన కొడుకును పసుపు కడాయి దగ్గర కాపలా పెడితే, వాడు పొయ్యిలోకి కట్టెలు ఎగదోసి మా దుకాణానికి వచ్చి కూర్చున్నాడు. వాడు ఇక్కడ పహిల్వాన్‌ను పడగొట్టేసరికి అక్కడ కడాయిలో పసుపు ముద్దపప్పయింది.

కమిటీ కూర్చుంది. మా ఆయనను పిలిచారు. నేనూ వెంట పోయి ఆడవాళ్ళ వెనకాల నిలబడ్డాను.

"భూమేశ్వరూ," అన్నాడు ముత్తెన్న, "నీ దుకాణంల ఎన్నడన్న ఒక్క ఆడమనిషి కూసున్నదా?"

"లేదు కాకా. గది మొగపోరగాండ్ల ఆట గదా."

"కల్లు దుకాణానికైనా ఆడోళ్ళొస్తరు. సీసా ముంగట వెట్టుకొని మంచిచెడ్డ మాట్లాడుకుంటరు. ఆడోళ్ళు అడుగు వెట్టని జాగ మంచి జాగ ఎట్లయితది? నువ్వే చెప్పు."

ఈ మాటకు పెద్దమనుషులందరూ తలలు ఊపారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ సబబే అనిపించింది. ముత్తెన్న తీర్పు చెప్పాడు. "ఉగాది ముంగటి ఐతారం మేమొచ్చి చూస్తం. ఆడోళ్ళు కూసోనుంటె దుకాణం నడుపుకో. లేకుంటె తాళమే."

ఇంటికి వచ్చి మా ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని అన్నాడు. "తాళం పడితే ఇగ చేసేదేమున్నదే? మళ్ళ దుబాయే. నిజామాబాద్‌ల ఏజెంట్ వీసా ఉన్నదంటుండు." దుకాణం పోతే పోయింది, దాని వెంట మనిషి కూడా పోతాడు. ఆ పూట నేను చుట్టిన బీడీలు ఒక్కటి కూడా సక్కగా రాలేదు.

అందుకే ఆయన ఊరంతా తిరిగి అడగడం మొదలుపెట్టాడు. చివరికి నిజామాబాద్‌లో క్యాసెట్లు అమ్మే దేవిదాస్‌ను ఇంటికే పిలుచుకొచ్చాడు. దేవిదాస్ టక్ చేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చాడు. ఛాయ్ తాగి, కాలు మీద కాలు వేసుకుని మాకు మార్కెట్ గురించి చెప్పాడు.

"చూడు భూమేశ్వర్ సేట్, కంపెనీలోళ్ళు అంత లెక్కలు దీసి పెట్టిండ్రు. మొగోళ్ళకు కొట్లాట, కార్లు, తుపాకులు. ఆడోళ్ళకు పూలు, బొమ్మలు, వంట. గులాబి రంగు చూస్తే ఆడోళ్ళు ఆగరు. గిది జపాన్‌ల తేలిన మాట."

"గా లెక్క దీసినోళ్ళు ఎవలినడిగిండ్రన్నా?" అన్నాను తలుపు పక్క నుంచి.

"అంటే... అడిగే ఉంటరు వదినా."

"ఆర్మూర్ల ఎవలిని అడగలే."

మా ఆయన నన్ను కళ్ళతోనే ఊరుకోమన్నాడు. దేవిదాస్ సంచిలోంచి గులాబి రంగు డబ్బాలో ఉన్న క్యాసెట్ తీసి రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. అది వంటింటి ఆట. అందులో గౌను వేసుకున్న ఒక పిల్ల ఉంటుంది. నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు ఉంటాయి. ఏది పొంగితే దాని దగ్గరికి ఉరకాలి, మూత తీయాలి, అడుగంటకముందే దించాలి, పళ్ళెంలో పెట్టాలి. పళ్ళెం ఆలస్యమైతే తెర మీద ఒక మొగమనిషి ముఖం ఎర్రగా చేసుకుని బల్ల గుద్దుతాడు. మా ఆయనకు అది చూసి ఆనందం పట్టలేదు. అచ్చం మన ఇంట్లో లెక్కనే ఉన్నదన్నాడు. ఆ మాటలో ఏం తప్పుందో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

దుకాణానికి గులాబి రంగు పరదా వచ్చింది. గోడకు అద్దం వచ్చింది. అద్దం పక్కన బొట్టుబిళ్ళల అట్ట వచ్చింది. గడప ముందు ముగ్గు వేయమన్నాడు, వేశాను. 'లేడీస్ స్పెషల్' అని బోర్డు రాయించాడు. ఇదంతా చాలదని, వచ్చిన ప్రతి ఆడమనిషికి పసుపు కొమ్ములు ఊరికే పంచుతానన్నాడు. ఆర్మూర్‌లో పసుపు పంచడమంటే పోచంపాడ్ ప్రాజెక్టు దగ్గర నీళ్ళు పంచడమే. ఇంటింటికీ అరుగుల మీద, మిద్దెల మీద, మంచం కింద కూడా పసుపే ఉన్న ఊళ్ళో పసుపు కొమ్ము కోసం ఏ ఆడది గడప దాటుతుంది?

ఎవరూ రాలేదు. ఉహూ, ఒకామె వచ్చింది. కొడుకు చెవి పట్టుకుని లాక్కుపోయింది. మా ఆయన ఆమె వెంటబడి, "అక్కా, పసుపు కొమ్ములు, పసుపు కొమ్ములు" అన్నాడు. ఆమె ఆయనను పై నుంచి కింది దాకా చూసి, "మా ఇంట్ల అమ్ముడువోని బస్తాలున్నయి, నీకే పంపియ్యాల్నా?" అని పోయింది.

ఎండలు ముదిరాయి. కమిటీ చెప్పిన ఐతారం, అదే ఆదివారం, దగ్గరికి వచ్చింది. గురువారం పొద్దున మా ఆయన పెట్టెలోంచి పాస్‌పోర్ట్ తీసి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"ఏజెంట్‌కిచ్చి వస్త. నువ్వు ఫికర్ జేయకు, రెండేండ్లేనాయె."

"ఇంకో మూడు దినాలున్నయి గద?"

"మూడు దినాలల్ల ఎవలొస్తరే? ఆడోళ్ళకు గీ ఆటలు పడయి. గది దేవుడు రాసిన రాత."

ఆయన బస్సెక్కి పోయాడు. నేను కాసేపు ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. నాకు ఏడుపు తర్వాత ఎప్పుడూ కోపమే వస్తుంది, అందుకని ఏడుపు ఎక్కువసేపు నిలబడదు. దుకాణం తాళం తీశాను, ఫ్యాను పెట్టాను, బీడీల చాట తెచ్చుకుని ఆ ఫ్యాను కింద నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నాను. టీవీలకు తగిలే గాలి నాకు తగలడానికి అడ్డమేముంది?

మా ఎదురింటి ఎస్తేరమ్మ అరుగు మీద ఎండలో చెమటలు కక్కుతూ బీడీలు చుడుతోంది. పరదా పక్కకు జరిగినప్పుడు నన్ను చూసింది.

"ఏమే రాధాబాయి, దొరసాని లెక్క కూసున్నవ్. గా గాలి నీ ఒక్కదానికేనా?"

"రా అక్కా, మొగోడు లేడు."

ఎస్తేరమ్మ చాట చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె వెనక నీలవ్వ వచ్చింది, నీలవ్వ వెనక ఆమె తోడికోడలు వచ్చింది. మా దగ్గర బీడీ ఒంటరిగా చుట్టరు. పదిమంది ఒక చోట చేరితేనే చెయ్యి నడుస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి గది నిండా చాటలు, తునికాకు, కత్తెరలు. బెంచీలు బయటికి గెంటేశాం. గులాబి పరదా మాత్రం బాగా పనికొచ్చింది, రోడ్డు మీద పోయే మొగవాళ్ళకు లోపల ఎవరు కాళ్ళు చాపారో కనబడదు.

కాసేపటికి నీలవ్వ టీవీ వైపు చూసి, అందులో సినిమా వస్తుందా అని అడిగింది. సినిమా కాదు, ఆట ఆడేదని చెప్పి, డబ్బాలో ఉన్న వంటింటి క్యాసెట్ పెట్టి చూపించాను. అందరూ బీడీలు ఆపి చూశారు. గౌను పిల్ల నాలుగు పొయ్యిల మధ్య ఉరుకుతోంది. గిన్నెలు పొంగుతున్నాయి. తెర మీద మొగమనిషి బల్ల గుద్దుతున్నాడు.

ఎస్తేరమ్మ చాలా జాలిగా అంది. "గీ పిల్లకు అత్తగారిల్లు బాగ దొరకనట్టున్నది."

"వాడెందుకే గట్ల బల్ల గుద్దుతుండు? లేసి దించుకుంటె చేతులు పడిపోతయా?" అంది నీలవ్వ.

"ఇంట్ల జేసొచ్చి, ఈడ పైసలిచ్చి మళ్ళ వంట జేయాల్నా? తీసెయ్యవే!" అన్నారు అందరూ. తీసేశాను. తీసి, నేను ఎన్నాళ్ళుగానో తలుపు సందులోంచి చూస్తున్న కరాటే క్యాసెట్ పెట్టాను. రిమోట్ చేతిలోకి తీసుకుంటే షాక్ ఏమీ కొట్టలేదు.

ముందు నేనే ఓడిపోయాను. తర్వాత ఎస్తేరమ్మ తీసుకుంది. బీడీ చుట్టే వేళ్ళు ఊరుకుంటాయా? ఏ బొత్తాం ఏం చేస్తుందో చూసుకోనే లేదు, అన్నిటినీ కలిపి తడతడా కొట్టింది. ఎర్ర చెడ్డీ పోరడు పిచ్చెక్కినట్టు గాల్లోకి ఎగిరి పహిల్వాన్‌ను తన్నాడు.

"గీ మీసాలోడు మా టేకేదారే!" అని అరిచింది ఎస్తేరమ్మ. టేకేదార్ అంటే మా బీడీలు తీసుకుని, బాగా లేవని చారెడు ఏరి పారేసేవాడు. "పారేస్తవురా నా బీడీలు? ఇగ పారెయ్! ఇగ పారెయ్!" పహిల్వాన్ గీత అయిపోయింది, వెల్లకిలా పడ్డాడు. గదిలో ఈలలు, చప్పట్లు. నీలవ్వకు రిమోట్ అందగానే పహిల్వాన్ ఆమె ఆడపడుచు అయ్యాడు. మీసాలున్నా సరే అంది.

తర్వాత మొగుళ్ళ వంతు వచ్చింది. మొగుని పేరు పలకకూడదు గానీ, కొట్టకూడదని ఎవరూ చెప్పలేదు. అందుకని అందరూ ఒకటే మాట. "ఇగో మా ఇంటాయన! ఇగో ఇంకోటి మా ఇంటాయనకు!" గదిలో ఉన్నవాళ్ళందరి ఇంటాయనలనూ ఆ మధ్యాహ్నం పడగొట్టాం. అట్లా అని ఎవరికీ మొగుడి మీద పగ లేదు. కొట్టి, నవ్వి, ఇంటికి పోయి వాళ్ళకే అన్నం పెట్టారు.

సాయంత్రం ముత్తెన్న భార్య మంగవ్వ కట్టె పట్టుకుని వచ్చింది. తన కొడుకును చెడగొట్టిన డబ్బాను పగలగొట్టడానికే వచ్చింది. పరదా ఎత్తి, కట్టె ఎత్తి, ఆగిపోయింది.

"ఏందే గీ లొల్లి?"

"ముత్తెన్న మామను కొడ్తవా అత్తా?" అన్నాను నేను.

"ఎట్ల?" అంది మంగవ్వ.

చూపించాను. ఆమె కట్టెను గోడకు ఆనించి కూర్చుంది. దీపాలు పెట్టే వేళ దాకా లేవలేదు.

చివరి బస్సుకు మా ఆయన నిజామాబాద్ నుంచి వచ్చాడు. చేతిలో పాస్‌పోర్ట్ లేదు, ముఖంలో కళ లేదు. దుకాణం గడపలో చెప్పుల గుట్ట చూసి ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చాడు. లోపలికి చూసి నోరు తెరిచాడు. మొదట ఆనందంతో గంతేశాడు, తర్వాత తెర మీద ఏం నడుస్తోందో చూసి తల పట్టుకున్నాడు.

"గదెందుకు పెట్టినవే? గది మొగోళ్ళ ఆట! లేడీస్ ఆట గులాబి డబ్బల ఉన్నది గద!"

"నువ్వు జర బయట కూసో భూమేశ్వర్," అంది మంగవ్వ తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా. ఆయన పోయి తను కొన్న బెంచీ మీద బయట కూర్చున్నాడు.

శుక్రవారం, శనివారం అదే సంగతి. ఆయనకు కొత్త భయం పట్టుకుంది. కమిటీ వాళ్ళు వచ్చి వాడ ఆడవాళ్ళు చీర కొంగు నడుముకు చుట్టి, మా ఇంటాయన, మా ఇంటాయన అని గుద్దడం చూస్తే దుకాణానికి తాళం కాదు, మాకే వాడలో చోటుండదు. ఐతారం పొద్దున్నే ఆడవాళ్ళ ముందు చేతులు జోడించాడు.

"అక్కలారా, మీకు దండం వెడ్త. పెద్దమనుషులు వచ్చి పోయెదాంక జర గా వంట ఆట పెట్టుకోండ్రి. మర్యాదగ కనబడ్తది."

వాళ్ళు మంచివాళ్ళు, ఒప్పుకున్నారు. అందరూ కొంగులు సర్దుకుని, చాటలు వరుసగా పెట్టుకుని కూర్చున్నారు. గౌను పిల్ల పొయ్యిల మధ్య ఉరకడం మొదలుపెట్టింది. నా గుండె కూడా దాంతో పాటే ఉరికింది. ఈ ఒక్క గంట గడిస్తే మనిషి నాకు దక్కుతాడు. మర్యాదగా ఆడండమ్మా అని లోలోపల అందరికీ మొక్కాను.

మంగవ్వ చేతిలో రిమోట్ ఉంది. ఒక గిన్నె దించేలోపు ఇంకో గిన్నె పొంగింది. అన్నం మాడింది. తెర మీది మొగమనిషి ముఖం ఎర్రబడి బల్ల గుద్దాడు. మంగవ్వ ఊరుకుంది. వాడు మళ్ళీ గుద్దాడు. మంగవ్వ ముఖం కూడా ఎర్రబడింది. మూడోసారి గుద్దేసరికి ఆమె లేచి, "నీ బల్ల పాడుగాను!" అని ఆ క్యాసెట్‌ను ఊడబీకి కరాటే పెట్టింది. నేను వద్దత్తా అనేలోపే గది మొత్తం చీర కొంగులు బిగించింది.

సరిగ్గా అప్పుడే పరదా ఎత్తుకుని కమిటీ వచ్చింది. ముందు ముత్తెన్న, వెనక కాశీరాం, ఆయన వెనక భోజన్న, ముగ్గురికీ గుబురు మీసాలు. తెర మీద పహిల్వాన్‌కూ గుబురు మీసాలే.

"ఇగో మా ఇంటాయన ముక్కు మీద!" అని అరిచింది మంగవ్వ. పహిల్వాన్ ముక్కు మీద గుద్దు పడింది. "ఇగో మీసం మీద! ఛాయ్‌ల చక్కెర తక్కువైందని గిలాస ఇసిరేస్తవా? ఇసిరెయ్!"

పెద్దమనుషులు ముగ్గురూ తమ తమ మీసాలు తడుముకున్నారు.

"ఎవలినే కొట్టేది?" అని ముత్తెన్న గర్జించాడు.

మంగవ్వ వెనక్కి తిరిగి చూసి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది. చెయ్యి మాత్రం బొత్తాం మీది నుంచి తీయలేదు. "మా ఇంటాయనను."

"ఎవలు మీ ఇంటాయన?"

"పేరు పలుకుమంటవా? పలుకద్దని నువ్వే అంటివి గద."

ఎస్తేరమ్మ ముఖానికి చాట అడ్డం పెట్టుకుంది. కాశీరాం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ముత్తెన్న ఆయనను ఒక చూపు చూశాడు. మా ఆయన గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. దుబాయి విమానం చప్పుడు నాకు చెవుల్లో వినబడుతోంది.

"బందు వెట్టాలె గీ దుకాణం," అన్నాడు ముత్తెన్న. "గిది మర్యాద గాదు."

"పెట్టు," అంది మంగవ్వ నిమ్మళంగా. "గీ డబ్బ బందైతే గీ చేతులు ఊకుంటయా? మూడు దినాల సంది అలవాటైనయి. ఇంటికి దీస్కపోత. టీవీల మీసాలోడు దొరకకుంటె ఇంట్ల మీసాలోడు లేడా?"

తెర మీద పహిల్వాన్, కొట్టేవాళ్ళు లేక ఊరికే ఊగుతూ నిలబడ్డాడు. భోజన్న మెల్లగా ముత్తెన్న చెవి దగ్గర వంగి, మాకందరికీ వినబడేంత చిన్నగా అన్నాడు. "పెద్దయ్యా, నడువనీ. ఈడ కొడితేనే మంచిది."

ముత్తెన్న గొంతు సవరించుకున్నాడు. తీర్పు చెప్పేటప్పటి గొంతు పెట్టాడు. "కమిటీ ఆడోళ్ళు రావాలన్నది. వచ్చిండ్రు. కమిటీ మాటంటె మాటే. పొద్దంత ఆడోళ్ళు ఆడాలె. పోరగాండ్లు పసుపు పని అయినంకనే, పొద్దు గూకినంకనే రావాలె." గడప దాకా పోయి మళ్ళీ వెనక్కి వచ్చాడు. "భూమేశ్వరూ, దుకాణం ఒక్క పూట గూడ బందు వెట్టకు. కరెంటు పోతె నాకు జెప్పు, లైన్‌మన్‌ను నేను దోల్త."

వాళ్ళు పోయాక గదిలో మేము చేసిన గోల బస్టాండు దాకా వినబడిందట.

పొద్దు గూకాక అందరూ చాటలు ఎత్తుకుని పోయారు. ఇంకా పిల్లలు రాలేదు. నేను నేల మీద తునికాకు ముక్కలు ఊడుస్తుంటే మా ఆయన బెంచీ లోపలికి తెచ్చి దాని చివర కూర్చున్నాడు. సంతోషంగా ఉంటాడనుకున్నాను. గడ్డం గోక్కుంటూ ఉన్నాడు.

"మంచిగనే అయిందే. కానీ ఆడోళ్ళ మీద దుకాణం ఎన్ని దినాలు నడుస్తది? ఇయ్యాల మోజు, రేపు ఉండదు. పాస్‌పోర్ట్ ఏజెంట్ కాడనే ఉండనియ్యి. వీసా వస్తే చూద్దం. రెండేండ్లేనాయె..."

చీపురు కింద పెట్టాను. కరాటే క్యాసెట్ ఉందో లేదో చూసుకున్నాను. ఒక రిమోట్ ఆయన చేతిలో పెట్టి, రెండోది నేను తీసుకున్నాను.

"పట్టుకో."

"నాతోనా? నేను దుబాయిల ఛాంపియన్నే పిచ్చిదానా," అని నవ్వుతూ మీసాలాయనను తీసుకున్నాడు. నేను ఎర్ర చెడ్డీ పోరణ్ణి తీసుకున్నాను. ఆట మొదలైంది. ఆయన ఇంకా సర్దుకుని కూర్చోనేలేదు, మొదటి గుద్దు పడింది.

"గిది మొదటిసారి పోయినందుకు," అన్నాను.

"అరె, ఆగవే..."

"గిది రెండోసారి పోయినందుకు. గిది నేను జ్వరంతోని పండుకున్నప్పుడు పక్కన లేనందుకు. గిది సబ్బుల కోసం ఎదురు చూస్తున్ననని అనుకున్నందుకు." నా కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి, తెర సరిగ్గా కనబడటం లేదు. అయినా అన్ని బొత్తాలూ తడతడా కొట్టాను. ఆయన గీత సగానికి వచ్చింది. సగంలో సగమైంది. ఆయన ఆడడం మానేసి నా ముఖం చూస్తున్నాడు.

"గిది పాస్‌పోర్ట్ ఇచ్చొచ్చినందుకు!"

మీసాలాయన మోకాళ్ళ మీద పడ్డాడు. ఇక గోరంత గీత మిగిలింది.

"పోనే, పోను! విడువే!" అన్నాడు మా ఆయన రిమోట్ కింద పడేసి, రెండు చేతులూ పైకెత్తి. నవ్వుతున్నాడు, ఆయన కళ్ళలోనూ నీళ్ళే. "రేపు మొదటి బస్సుకు పోయి పాస్‌పోర్ట్ తెచ్చుకుంట. ఒట్టు. విడువు ఇగ."

"ముందు తే," అన్నాను నేను, ఆ గోరంత గీత కూడా లేకుండా ఒక్క గుద్దు గుద్ది.